"క్లౌడ్" అని అమ్ముతున్నది నిజంగా క్లౌడేనా? డెమోలోనే తేల్చుకునే పద్ధతి

ప్రశ్న క్లుప్తంగా: విజయవాడలో ఆఫీసు, గుంటూరు, ఏలూరుల్లో గోడౌన్లు ఉన్న ఒక ప్రైవేట్ లిమిటెడ్ డిస్ట్రిబ్యూషన్ కంపెనీ. బిల్లింగ్, స్టాకు, అకౌంట్స్ కలిపి 12 మంది వాడతారు. ఇద్దరు వెండర్లు కొటేషన్లు ఇచ్చారు. ఇద్దరూ తమది పూర్తి క్లౌడ్ అనే రాశారు, ఇద్దరి డెమో కూడా బ్రౌజర్‌లోనే తెరుచుకుంది. ధరల్లో మాత్రం చాలా తేడా ఉంది. ఏది నిజమో ఎలా కనిపెట్టాలి?

బ్రౌజర్‌లో తెరుచుకున్నంత మాత్రాన అది క్లౌడ్ సాఫ్ట్‌వేర్ అయిపోదు. ఇప్పుడు మార్కెట్లో మూడు రకాల సరుకు ఒకే పేరుతో అమ్ముడవుతోంది. మొదటిది, ఇంటర్నెట్ కోసమే మొదటినుంచీ రాసిన సాఫ్ట్‌వేర్. ఒకే ప్రోగ్రామ్‌ను వేల మంది కస్టమర్లు వాడతారు, ఎవరి డేటా వారికి లోపల విడివిడిగా ఉంటుంది, కొత్త వెర్షన్ వస్తే అందరికీ తనంతట తానే వస్తుంది. జోహో బుక్స్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఈ కోవలోది. రెండోది, ఆఫీసు కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రామ్‌నే ఎక్కడో డేటా సెంటర్‌లోని విండోస్ సర్వర్ మీద ఎక్కించి, ఆ స్క్రీన్‌ను మీకు చూపించడం (దీన్నే రిమోట్ డెస్క్‌టాప్ అంటారు). "టాలీ ఆన్ క్లౌడ్" పేరుతో చిన్న వెండర్లు అమ్మేది సాధారణంగా ఇదే. మూడోది, ప్రోగ్రామ్, డేటా రెండూ మీ ఆఫీసు కంప్యూటర్లోనే ఉండి, బ్యాకప్ కాపీయో, రిపోర్టులు చూసే మొబైల్ యాపో మాత్రమే నెట్‌కు వెళ్లడం.

ఇందులో రెండో రకాన్ని చెడ్డదనడం లేదు. టాలీ కీబోర్డుకు చేతులు అలవాటుపడిన అకౌంటెంట్లున్న ఆఫీసుకు, రోజుకు వందల బిల్లులు కొట్టే చోట, చాలాసార్లు అదే సరైన ఎంపిక. టాలీ సంస్థ కూడా అమెజాన్ వారి ఏడబ్ల్యూఎస్ సర్వర్ల మీద టాలీప్రైమ్ వాడుకునే ఏర్పాటును అమ్ముతోంది, అది టాలీప్రైమే అని చెప్పే అమ్ముతోంది. అసలు నష్టం పేరు మార్చి అమ్మినప్పుడు వస్తుంది. అప్‌డేట్లు, బ్యాకప్, భద్రత అన్నీ వెండరే చూస్తాడనుకుని మీరు డబ్బు కడతారు. ఒప్పందంలో మాత్రం అవన్నీ మీ బాధ్యతగానే ఉంటాయి. ఆ సంగతి సర్వర్ ఆగిన రోజునగానీ తెలియదు.

నిర్వచనం గురించి వెండర్‌తో వాదించాల్సి వస్తే ఒక గట్టి ఆధారం ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011 సెప్టెంబరులో 800-145 నంబరుతో ప్రచురించిన పత్రం క్లౌడ్‌కు ఐదు లక్షణాలు చెప్పింది: ఎవరినీ అడగకుండా కస్టమరే సేవ తీసుకోగలగడం, ఏ పరికరం నుంచైనా నెట్ ద్వారా వాడగలగడం, వనరులు ఉమ్మడిగా ఉండటం, అవసరాన్ని బట్టి వెంటనే పెరిగి తగ్గడం, వాడకాన్ని కొలవడం. వీటిని మీ ఆఫీసు భాషలో అడగండి. రాత్రి 10 గంటలకు 13వ యూజర్ కావాలంటే నేనే చేర్చుకోగలనా, మీకు ఫోన్ చేయాలా? మార్చి నెలాఖరుకు ఐదుగురు అదనంగా కావాలి, ఏప్రిల్‌లో అక్కర్లేదు, అలా తగ్గించుకుంటే బిల్లు కూడా తగ్గుతుందా? "మెయిల్ పెట్టండి, మా టీమ్ చేస్తుంది, ఏడాదికి కట్టాలి" అనే జవాబు వచ్చిందంటే, మీ కోసం ఒక సర్వర్ అద్దెకు తీసుకుని దాని మీద యూజర్లను చేత్తో తయారుచేస్తున్నారని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు.

ఇక డెమో. మౌసు మీ చేతికి ఇవ్వమనండి. వెండర్ స్క్రీన్ షేర్ చేసి చూపించే డెమోలో ఈ తేడాలేవీ బయటపడవు.

ముందు తెర మీద ఉన్న ఒక పార్టీ పేరును మౌసుతో సెలెక్ట్ చేసి చూడండి. కంట్రోల్ ఎఫ్ నొక్కి ఆ పేరును బ్రౌజర్ వెతుకుడులో టైప్ చేయండి. కళ్లెదుట ఉన్న అక్షరాలు బ్రౌజర్‌కు దొరకలేదంటే మీకు వస్తున్నది అక్షరాలు కాదు, దూరాన నడుస్తున్న ప్రోగ్రామ్ తాలూకు బొమ్మ. కంట్రోల్ ప్లస్ నొక్కి పెద్దది చేసినప్పుడు అక్షరాలు మసకబారినా అనుమానించాలి. కుడి క్లిక్ చేస్తే బ్రౌజర్ మెనూ బదులు విండోస్ మెనూ వస్తే మరీ స్పష్టం. ఒక్క హెచ్చరిక: కొన్ని అసలైన వెబ్ సాఫ్ట్‌వేర్లు కూడా పేజీని బొమ్మలాగే గీస్తాయి, గూగుల్ డాక్స్ 2021 నుంచి ఆ పద్ధతికి మారింది. అందుకని ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకండి, కింది వాటితో కలిపి చూడండి.

అడ్రస్ బార్ గమనించండి. ఒక ఇన్వాయిస్ తెరిచినప్పుడు, స్టాక్ రిపోర్టుకు వెళ్లినప్పుడు చిరునామా మారుతోందా? ఇన్వాయిస్ లింకును కాపీ చేసి ఇంకో కంప్యూటర్లో లాగిన్ అయి అతికిస్తే సరిగ్గా అదే ఇన్వాయిస్ తెరుచుకోవాలి. బొమ్మ పంపే పద్ధతిలో మీరు ఎక్కడికి వెళ్లినా చిరునామా ఒక్కటే ఉంటుంది. తర్వాత ఎఫ్12 నొక్కి, బ్రౌజర్ ఏమేం పంపుతోందో చూపే నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. బిల్లు సేవ్ చేసినప్పుడు చిన్న చిన్న అభ్యర్థనలు ఒక్కొక్కటిగా వరుసలో కనబడితే అది వెబ్ సాఫ్ట్‌వేర్. మొదట్లో 101 స్టేటస్‌తో తెరుచుకున్న ఒకే ఒక వెబ్‌సాకెట్‌లోంచే (మూతపడకుండా తెరిచే ఉండే కనెక్షన్) మొత్తం పని జరుగుతూ, ఎన్ని బిల్లులు కొట్టినా కొత్త వరుస పడకపోతే అది రిమోట్ డెస్క్‌టాప్‌కు తొడిగిన బ్రౌజర్ ముసుగు.

లాగిన్లు లెక్కపెట్టండి. మొదట ఒక యూజర్ నేమ్, పాస్‌వర్డ్, లోపలికి వెళ్లాక సాఫ్ట్‌వేర్‌కు మళ్లీ ఇంకొకటి అడిగితే, మొదటిది విండోస్ సర్వర్‌ది. ఫైల్ సేవ్ చేయబోతే సి డ్రైవ్, డి డ్రైవ్ కనిపించినా అదే అర్థం, ఎందుకంటే ఆ డ్రైవ్‌లు మీ కంప్యూటర్‌వి కావు. ప్రింట్ నొక్కితే ప్రింటర్ పేరు పక్కన "రీడైరెక్టెడ్" అని నంబరుతో సహా వస్తే ఇక సందేహం అక్కర్లేదు.

ప్రింటర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి, డిస్ట్రిబ్యూటర్లకు అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. మీ గోడౌన్లలో ముందే అచ్చువేసిన కాగితం మీద డాట్ మ్యాట్రిక్స్‌తో బిల్లులు కొడుతుంటే, రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వెళ్లే ప్రింటు చాలాసార్లు టెక్స్ట్ మోడ్‌లో కాకుండా బొమ్మగా వస్తుంది. సెకన్లలో పడే బిల్లు నెమ్మదిస్తుంది, గడులు పక్కకు జరుగుతాయి. బ్రౌజర్‌లోంచి పీడీఎఫ్ ఇచ్చే అసలైన క్లౌడ్‌లోనూ ఈ ఇబ్బంది తప్పదు, దానికి విడిగా ఒక ప్రింట్ యుటిలిటీ కావాల్సి రావచ్చు. బార్‌కోడ్ స్కానర్ కీబోర్డులా పనిచేస్తుంది కాబట్టి రెండింట్లోనూ చిక్కు ఉండదు. సీరియల్ పోర్టుకు కలిపే తూకం మిషన్ ఉంటే మాత్రం డెమో రోజే దాన్ని తగిలించి చూపించమనండి.

పైన చెప్పిన రెండోది, అంటే సర్వర్ రకమే అని తేలితే పరీక్ష అక్కడితో ఆపకండి. ఆ సర్వర్ ఎలాంటిదో చూడాలి. వెండర్ అనుమతి తీసుకుని, అతని ముందే విండోస్ రన్ బాక్సులో విన్‌వర్ (winver) అని కొట్టండి. విండోస్ సర్వర్ అని రావాలి. విండోస్ 10 లేదా 11 అని వచ్చి, దాని మీదే చాలామంది ఒకేసారి పని చేస్తుంటే విండోస్ సిస్టమ్ ఫైలును దొంగదారిన మార్చి (ప్యాచ్ చేసి) ఉండే అవకాశం ఎక్కువ. మామూలు విండోస్ ఒకేసారి ఒక్క సెషన్‌నే, అంటే ఒక్కరి పనినే అనుమతిస్తుంది. ప్రతి విండోస్ అప్‌డేట్‌కూ ఆ ప్యాచ్ తెగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి అలాంటివాళ్లు అప్‌డేట్లే ఆపేస్తారు, భద్రత అక్కడే పోతుంది. విండోస్ సర్వర్ అయినా నిర్వహణ కోసం రెండు సెషన్లే ఉచితం, మిగతా ప్రతి యూజర్‌కూ రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సు కావాలి. అవి కొనకుండా నడిపితే 120 రోజుల గడువు ముగిశాక లాగిన్లు ఆగిపోతాయి. సర్వర్ పెట్టిన నాలుగు నెలలకు ఉన్నట్టుండి ఎవరికీ లోపలికి దారి దొరక్కపోవడానికి తరచుగా కారణం ఇదే.

టాస్క్ మేనేజర్‌లో యూజర్స్ ట్యాబ్, సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ కూడా చూడండి. అక్కడ వేరే కంపెనీల పేర్లు కనబడితే మీరంతా ఒకే విండోస్ మీద ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒకరు పనికిమాలిన మెయిల్ అటాచ్‌మెంట్ తెరిస్తే రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) మీ డేటా ఫోల్డర్ దాకా రావడానికి మధ్యలో ఉన్నది ఫోల్డర్ పర్మిషన్లు మాత్రమే. అలాంటి చోటికి కంపెనీ పుస్తకాలు పంపవద్దనే నా సలహా, ఎంత చౌకైనా సరే.

సర్వర్ మెమరీ (ర్యామ్) లెక్క కూడా అడగండి. అకౌంటింగ్ ప్రోగ్రామ్, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్ కోసం ఒక బ్రౌజర్ కలిపి ఒక్కొక్కరికి సుమారు ఒకటిన్నర జీబీ వేసుకుంటే 12 మందికి 18 జీబీ. విండోస్‌కు, యాంటీవైరస్‌కు మరో నాలుగు. అంటే కనీసం 24 జీబీ, ముందుముందు పెరగడానికి చోటు కావాలంటే 32. కొటేషన్‌లో 8 జీబీ అని ఉంటే డెమోలో ఒక్కరే వాడినప్పుడు హాయిగా పరుగెడుతుంది, 12 మంది ఎక్కితే ఆగుతుంది. అందుకే ట్రయల్‌ను నెలలో 10, 11 తేదీలు లేదా 19, 20 తేదీలు కలిసొచ్చేలా పెట్టుకోండి. నెలవారీ దాఖలు చేసేవారికి జీఎస్టీఆర్-1 గడువు 11, జీఎస్టీఆర్-3బీ గడువు 20. రద్దీ రోజుల్లో మీ 12 మందినీ ఒకేసారి కూర్చోబెట్టి బిల్లులు కొట్టిస్తే సర్వర్ అసలు సత్తా తెలుస్తుంది.

సర్వర్ ఎక్కడుందో కూడా పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లి తిరిగొచ్చే సమయం) చెబుతుంది. మన దగ్గర నుంచి ముంబయి లేదా హైదరాబాద్ డేటా సెంటర్‌కు మంచి ఫైబర్ మీద సాధారణంగా 50 మిల్లీసెకన్ల లోపే వస్తుంది. 130, 150 దాటిందంటే చౌకగా దొరికే యూరప్ సర్వర్ కావచ్చు, 200 పైన అయితే అమెరికా కావచ్చు. బొమ్మ పంపే పద్ధతిలో 150 దాటితే అక్షరం టైప్ చేశాక అది తెర మీద పడేలోపు ఆలస్యం కంటికి తెలుస్తుంది. మీ కీబోర్డు అకౌంటెంట్ రెండో రోజే గొడవ చేస్తాడు.

మూడో రకాన్ని పట్టుకోవడానికి ఒక్క పరీక్ష చాలు. ఆఫీసులోని మెయిన్ కంప్యూటర్ ఆపేయండి. ఫోన్‌లో వైఫై తీసేసి మొబైల్ డేటా మీద ఒక కొత్త బిల్లు వేసి, అది ఏలూరు గోడౌన్‌లో కనబడుతుందేమో చూడండి. యాప్ నిన్నటి లెక్కలు మాత్రమే చూపిస్తే, లేదా "సింక్ కాలేదు" అంటే, క్లౌడ్‌లో ఉన్నది మీ రిపోర్టుల కాపీ మాత్రమే. ఇందులోనే ఇంకో ప్రమాదకరమైన రూపం ఉంది. డేటా ఫోల్డర్‌ను గూగుల్ డ్రైవ్‌లోనో డ్రాప్‌బాక్స్‌లోనో పెట్టి, రెండు ఊళ్లలో రెండు కంప్యూటర్ల మీద అదే ఫోల్డర్ తెరవడం. ఇద్దరూ ఒకేసారి పని చేస్తే సింక్ సాఫ్ట్‌వేర్‌కు ఫైలు మొత్తమే తెలుసు, లోపలి వోచర్ తెలియదు. ఒకరి ఫైలు మీద ఇంకొకరిది ఎక్కుతుంది, లేకపోతే రెండు కాపీలుగా చీలుతుంది, చివరికి డేటా కరప్ట్ అవుతుంది. దీన్ని క్లౌడ్ అని ఎవరు అమ్మినా తిప్పి పంపండి.

భద్రత దగ్గర రెండు ఉదాహరణలు చెప్పక తప్పదు. క్విక్‌బుక్స్ లాంటి డెస్క్‌టాప్ అకౌంటింగ్ ప్రోగ్రాములను సర్వర్ల మీద పెట్టి అద్దెకిచ్చే అమెరికా కంపెనీ ఐన్‌సింక్ 2019 జులై 16న రాన్సమ్‌వేర్ దాడికి గురై నెట్‌వర్క్ మూసేసింది. దాని మీద ఆధారపడిన అకౌంటెంట్లకు రోజుల తరబడి తమ పుస్తకాలే అందలేదు. 2022 డిసెంబరు 2న అమెరికా హోస్టింగ్ కంపెనీ ర్యాక్‌స్పేస్ నడిపే హోస్టెడ్ ఎక్స్చేంజ్ మెయిల్ సేవ మీద దాడి జరిగింది. మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) నవంబరులోనే వచ్చినా, దానితో వేరే ఇబ్బందులున్నాయని విని, ప్యాచ్ వేయకుండా తాత్కాలిక జాగ్రత్తతో సరిపెట్టారు. దాడి చేసినవాళ్లు దాన్ని దాటుకుని వచ్చారు. ఆ సేవను మళ్లీ తెరవకుండా కస్టమర్లను మైక్రోసాఫ్ట్ 365కు తరలించారు. సాఫ్ట్‌వేర్ ఒకరు తయారుచేసి, సర్వర్ ఇంకొకరు నడిపినప్పుడు ప్యాచ్ ఎవరు, ఎన్ని రోజుల్లో వేయాలి అన్నది మధ్యలో జారిపోతుంది. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు కాగితం మీద రాయించుకోండి. సర్వర్ రకం తీసుకుంటే, రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉండకూడదు. అనుమతి ఉన్నవారినే లోపలికి వదిలే వీపీఎన్ లేదా గేట్‌వే వెనక ఉండాలి, లాగిన్‌కు ఓటీపీ ఉండాలి. పోర్టు నంబరు మార్చామని చెబితే అది రక్షణ కాదు, స్కానర్లు అన్ని పోర్టులూ తడుముతాయి.

బ్యాకప్ మాట వచ్చినప్పుడు "రోజూ తీస్తాం" అన్నదానికి విలువ లేదు, తిరిగి ఎక్కించి చూపిస్తేనే విలువ. ట్రయల్ కంపెనీలో ఒక వోచర్ డిలీట్ చేసి, నిన్నటి కాపీని విడిగా తెరిచి ఇమ్మనండి, ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. ఆ కాపీ ఎక్కడ ఉంటుందో కూడా అడగాలి. డెన్మార్క్‌లో క్లౌడ్‌నార్డిక్ అనే హోస్టింగ్ కంపెనీ 2023 ఆగస్టులో సర్వర్లను ఒక డేటా సెంటర్ నుంచి ఇంకోదానికి మారుస్తుండగా, అప్పటికే వైరస్ సోకిన యంత్రాలు లోపలి నెట్‌వర్క్‌కు కలిశాయి. అసలు సర్వర్లు, బ్యాకప్‌లు రెండూ ఎన్‌క్రిప్ట్ అయ్యాయి, అంటే తెరవలేకుండా తాళం పడింది. కస్టమర్లలో అత్యధికులు సర్వస్వం పోగొట్టుకున్నారు. బ్యాకప్ వేరే అకౌంట్‌లో, వేరే పాస్‌వర్డ్‌తో, వీలైతే వేరే ఊళ్లో ఉండాలి.

మీది ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి చట్టం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. కంపెనీల అకౌంట్స్ రూల్స్, 2014లో 3వ రూల్ ప్రకారం ఎలక్ట్రానిక్ పుస్తకాల బ్యాకప్ భారత్‌లో భౌతికంగా ఉన్న సర్వర్లో ఉండాలి. 2022 ఆగస్టు సవరణ తర్వాత ఇది రోజువారీ బాధ్యత. పుస్తకాలు క్లౌడ్‌లో ఉంటే సేవ ఇచ్చేవారి పేరు, ఐపీ అడ్రస్, వారుండే చోటు, వారు ఇచ్చిన క్లౌడ్ చిరునామా ఏటా రిజిస్ట్రార్‌కు తెలపాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకు సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ (ఎప్పుడు ఏం మార్చారో నమోదు) ఉండటం, దాన్ని ఆపడం సాధ్యం కాకపోవడం తప్పనిసరి. పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు దాచాలి. యూరప్‌లో ఒకే ఒక సర్వర్ తీసుకుని "క్లౌడ్" అంటున్న వెండర్ ఈ నాలుగింటిలో మొదటిదగ్గరే ఆగిపోతాడు. ఆడిటర్ అడిగేది మిమ్మల్నే, వెండర్‌ను కాదు.

లైసెన్సు ఎవరి పేరున ఉందో చూసుకోండి. టాలీప్రైమ్‌లో సిల్వర్ ఒక యూజర్‌కే, 12 మందికి గోల్డ్ కావాలి. హెల్ప్ మెనూలోని అబౌట్ తెరలో సీరియల్ నంబరు కనబడుతుంది. ఆ సీరియల్ మీ కంపెనీ మెయిల్ ఐడీకి ముడిపడి ఉండాలి. వెండర్ తన లైసెన్సునే పది మంది కస్టమర్లకు పంచుతుంటే, అది ఆగిన రోజు మీకు అడిగే హక్కు కూడా ఉండదు.

సర్టిఫికెట్లు, శాతాల గురించి ఎక్కువ చెప్పను. సమాచార భద్రతకు ఇచ్చే ఐఎస్ఓ 27001 సర్టిఫికెట్ చూపిస్తే దాని మీద పేరు చదవండి. చాలాసార్లు అది డేటా సెంటర్ నడిపే పెద్ద కంపెనీది, మీకు అమ్ముతున్నవాడిది కాదు. సేవ 99.9 శాతం సమయం నడుస్తుందన్న హామీ అంటే 30 రోజుల నెలకు 43 నిమిషాలు ఆగవచ్చు, 99 శాతం అంటే 7 గంటలకు పైనే. ఆ శాతం సర్వర్ యంత్రానికి ఇచ్చిన హామీయా, మీరు బిల్లు వేయగలగడానికి ఇచ్చిన హామీయా అన్నదే ముఖ్యం.

అసలైన క్లౌడ్ అని తేలినదాన్నీ గుడ్డిగా తీసుకోకండి. క్విక్‌బుక్స్ ఆన్‌లైన్ నిఖార్సయిన క్లౌడే, అయినా దాని తయారీదారు ఇంట్యూట్ 2023లో భారత్‌లో ఆ సేవ ఆపేసింది. బయటికొచ్చే దారి మొదటి రోజే చూసుకోవాలి. ట్రయల్‌లో 50 బిల్లులు వేసి, కొన్నింటికి అటాచ్‌మెంట్లు పెట్టి, మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి. లెడ్జర్లు, వోచర్లు దాదాపు అన్నింట్లో వస్తాయి. రానివి సాధారణంగా అటాచ్‌మెంట్లు, ఎడిట్ లాగ్, ఈ-ఇన్వాయిస్ ఐఆర్ఎన్ నంబర్లు, బిల్లుకు బిల్లు సర్దుబాట్లు. సర్వర్ రకంలో ఈ విషయంలో ఒక సుఖం ఉంది. డేటా ఫోల్డర్‌ను యథాతథంగా దించుకుని మీ లైసెన్సుతో మీ కంప్యూటర్లో తెరుచుకోవచ్చు, ఆ ఫోల్డర్‌ను రోజూ దించుకునే హక్కు ఒప్పందంలో ఉంటేనే.

మీ ఇద్దరు వెండర్లకు ఒకే మెయిల్ పంపండి: సాఫ్ట్‌వేర్ వెబ్ కోసం రాసినదా, రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వచ్చే డెస్క్‌టాప్ ప్రోగ్రామా; సర్వర్ మా ఒక్కరిదా, ఉమ్మడిదా; ఏ ఊరి డేటా సెంటర్; ప్యాచ్ ఎవరు, ఎన్ని రోజుల్లో; బ్యాకప్ ఎక్కడ, తిరిగి ఇవ్వడానికి ఎన్ని గంటలు; లైసెన్సులు ఎవరి పేరున; సేవ మానేస్తే డేటా ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో. జవాబు మెయిల్లోనే కావాలి, ఫోన్లో వద్దు. సర్వర్ రకమేనని సూటిగా ఒప్పుకుని మిగతావాటికి సరైన జవాబిచ్చిన వెండర్ అయితే, మీ 12 మందిలో ఎక్కువమంది టాలీ చేతులే అయితే, నేను అతని వైపే మొగ్గుతాను. అప్పుడు బేరం మాత్రం సర్వర్ అద్దె, లైసెన్సులు, నిర్వహణ అని మూడు వరుసలుగా విడగొట్టించి ఆడండి. "క్లౌడ్ సబ్‌స్క్రిప్షన్" అనే ఒకే వరుసకు డబ్బు కట్టవద్దు.